సిరాతో సౌరఘటములు: ఒక పరిశీలన

హైదరాబాదు నుండి కరీంనగరు పోవు మార్గములో శామీర్‌పేట దాటిన తరువాత తుర్కపల్లి అను గ్రామము కలదు. ఆ పరిసరములను నేడు జీనోమ్ వ్యాలీ అంటున్నారు. ఆ పేరు వినగానే ఎవరికైనను టీకామందులు గుర్తుకు వస్తవి. అయితే 2008లో అమెరికా రసాయన సంస్థ డ్యుపాంట్ ఇక్కడి విజ్ఞాన పార్కులో తన పరిశోధన కేంద్రము నొకదానిని తెరచినది. నైలానును లోకమునకు ఇచ్చిన ఆ సంస్థ అప్పటి సంవత్సరములలో సూర్యశక్తికి సంబంధించిన రెండు రకముల సిరాలపై శ్రద్ధ చూపినది. మొదటిది, సూర్యరశ్మిని విద్యుత్తుగా మార్చు అర్ధవాహకపు పొరను గాజుమీద అచ్చువేయుటకు పనికివచ్చు సిరా. రెండవది, అట్లు పుట్టిన విద్యుత్తును పోగుచేసి బయటికి తెచ్చు వెండి గీతలను అచ్చువేయుటకు పనికివచ్చు ముద్దవంటి సిరా. మొదటిదానికి వచ్చిన కీర్తి రెండవదానికి రాలేదు. రెండవదానికి దొరికిన అంగడి మొదటిదానికి దొరకలేదు. ఇట్లు ఎందుకు జరిగినదో ఆలోచించుట తెలుగు ప్రాంతములలో నానో కణములు తయారుచేయుచున్న కళాశాలలకు, పరిశోధకులకు అవసరము.

"వార్తాపత్రికను అచ్చువేసినట్లు సౌరఘటములను అచ్చువేయవచ్చును" అన్న మాట ఇరువది ఏండ్లుగా వినబడుచున్నది. ఈ మాట వట్టి ప్రచారము కాదు, దీని వెనుక గట్టి భౌతికశాస్త్రము ఉన్నది. నేడు ఇండ్లమీద కనిపించు ఫలకములలో నూటికి తొంబదికి పైగా సిలికాను స్ఫటికములతో చేసినవే. సిలికాను వెలుతురును నెమ్మదిగా గ్రహించు పదార్థము. కాంతి కణము దానిలో ఎలక్ట్రానును పైమెట్టుకు ఎక్కించవలెనన్న స్ఫటికపు కంపనము కూడ తోడు రావలెను. అందువలన సిలికాను పలక మందము సుమారు 150 మైక్రానులు ఉంచుతారు. రాగి, ఇండియము, గాలియము, సెలీనియము కలిసిన సంయోగ పదార్థములో ఈ తోడు అక్కరలేదు, కాంతి కణము నేరుగా పని జరిపిస్తుంది. కాబట్టి ఒకటి రెండు మైక్రానుల పొర చాలును. మనిషి తలవెండ్రుకను మందములో ముప్పది నలుబది పొరలుగా చీల్చగలిగినచో వాటిలో ఒక పొర అంత ఉండును. దీని స్ఫటిక నిర్మాణము చాల్కోపైరైటు అను రాగి ఖనిజమును పోలినది. వినుకొండ ప్రాంతమున అగ్నిగుండాలలో రాగి కోసము త్రవ్వినది ఈ చాల్కోపైరైటునే. అందులోని ఇనుము స్థానమున ఇండియమును, గంధకము స్థానమున సెలీనియమును ఉంచినట్లు ఊహించుకొనవచ్చును.

ఇంత పలుచని పొర కోసము పెద్ద శూన్య పాత్రలు, పంపులు ఎందుకు? పదార్థమును మెత్తని కణములుగా చేసి ద్రవములో కలిపి, పూతగా పూసి ఆరబెట్టిన సరిపోదా? సిరా వాదము ఈ ప్రశ్నతో పుట్టినది.

సిరా తయారుచేయు విధము ముచ్చటైనది. పద్దెనిమిది కార్బనుల పొడవైన తోక, ఆ తోక చివర నైట్రోజను గల ఓలియిలమీన్ అను నూనెవంటి ద్రవమును మూడు మూతుల గాజు కుప్పెలో పోస్తారు. గాలిని, తేమను తొలగించి నైట్రోజను లేక ఆర్గాను వాయువును నింపుతారు. రాగి, ఇండియము, గాలియముల క్లోరైడులను అందులో కరిగించి 225 డిగ్రీల సెంటిగ్రేడు దాపునకు వేడిచేసి, గంధకము కలిపిన మరికొంత ఓలియిలమీనును సూదితో ఒక్కసారిగా ఎక్కిస్తారు. కుప్పెలోని ద్రవము క్షణములో నల్లబడును. బెల్లపు పాకము ముదిరినప్పుడు ఒక్కసారిగా పలుకు కట్టుట వంటశాలలో అందరు చూచినదే. ఇక్కడ జరుగునది అదే. ద్రవములో పట్టనంత పదార్థము ఒకేమారు పుట్టుటచేత లెక్కలేనన్ని బీజములు ఒకే క్షణమున ఏర్పడును. పదార్థము వాటన్నిటికి పంచబడుటచేత ఏదియు పెద్దదిగా పెరుగదు. సుమారు 15 నానోమీటరులవద్ద పెరుగుదల ఆగును. ఓలియిలమీన్ తోకలు ప్రతి కణమును చుట్టుకొని, ఒకదానికొకటి అంటుకొనకుండ కాపాడును. ఆల్కహాలు పోసి కణములను క్రిందికి దించి, గిరగిర త్రిప్పు యంత్రములో వేరుచేసి, తిరిగి టోలుయీనువంటి ద్రావకములో కలిపిన సిరా సిద్ధమగును. 2008లో టెక్సాస్ విశ్వవిద్యాలయములో బ్రయన్ కోర్గెల్ బృందము ఈ విధమైన సిరాలను వర్ణించినప్పటి నుండి ఈ పని ప్రపంచమంతట వ్యాపించినది.

చిక్కు ఇక్కడినుండియే ఆరంభము. కణమును కాపాడిన తోకయే విద్యుత్తుకు అడ్డుగోడ అగును. పొడవైన కార్బను గొలుసు విద్యుత్తును పోనీయదు. పక్కపక్కన ఉన్న రెండు కణముల మధ్య అటువంటి తోకల పొర రెండువైపుల నుండి నిలిచి ఉండగా, ఎలక్ట్రాను ఒక కణము నుండి మరొక కణమునకు దూకవలసి వచ్చును. పొర అడుగునుండి పైకి చేరునప్పటికి అట్టి దూకుళ్లు కొన్ని పదులు. మధ్యలోనే చాల ఎలక్ట్రానులు తమ ఖాళీలలో పడి నశించును. కోర్గెల్ బృందము కాల్చకుండ, ఉన్న కణములను ఉన్నట్లే పూసి చేసిన ఘటముల దక్షత 3 శాతము దాపున ఆగిపోయినది. అసలైన "అచ్చు సౌరఘటము" అని పిలువదగినది అదే. తరువాత వచ్చిన పెద్ద అంకెలు అన్నియు మరొక మార్గమునకు చెందినవి.

ఆ మార్గము పొయ్యి. పర్డ్యూ విశ్వవిద్యాలయములో రాకేశ్ అగ్రవాల్, హ్యూ హిల్‌హౌస్‌ల బృందము పూసిన పొరను 500 డిగ్రీల వద్ద సెలీనియము ఆవిరిలో కాల్చినది. కణములలోని గంధకము బయటికి పోయి దాని స్థానమున పెద్దదైన సెలీనియము చేరును. స్ఫటికము ఉబ్బును, సందులు మూసుకొనును, 15 నానోమీటరుల కణములు కరగి కలసి మైక్రాను పరిమాణము గల దట్టమైన పలుకులుగా మారును. ఈ పద్ధతితో దక్షత 10 శాతమును దాటి 2015 నాటికి 15 శాతమును అందుకొన్నది. ఇది మెచ్చదగిన పనియే. కాని ఆ ఘటములో ఇప్పుడు నానో కణములు ఎక్కడ ఉన్నవి? పొయ్యిలోకి పోయినవి, బయటికి రాలేదు. అట్టు తినువాడు రుబ్బిన పిండిని తినుటలేదు. పిండి మెత్తగా ఉండుట అట్టుకు మేలే, కాని పెనము, మంట, అట్లకాడ లేనిదే అట్టు కాదు. పైగా అట్టుకు చిల్లులు అందము. ఈ పొరలో ఒక్క చిల్లు పడినను పై విద్యుత్ స్తరము క్రిందిదానిని తాకి ఘటమంతయు వ్యర్థమగును. అడుగున తోకల మసి మిగిలి, కార్బను నిండిన సన్న పలుకుల పొర ఒకటి నిలిచిపోవుట ఈ పద్ధతిలో తరచు కనిపించు మరొక లోపము.

ఈ సత్యమును దాపరికము లేకుండ ఒప్పుకొన్నది డ్యుపాంట్ పరిశోధకుల 2012 నాటి వ్యాసము. ఇండియము అరుదైనది కాబట్టి వారు దానిని విడిచి రాగి, జింకు, తగరము, గంధకములతో ఏర్పడు కెస్టరైటును ఎంచుకొన్నారు. సైబీరియాలోని కెస్టర్ గనిపేరుమీద వచ్చిన ఈ ఖనిజములోని మూలకములు ఏవియు అపురూపములు కావు. రాగి, తగరము, జింకు మన ఇంటి కంచు, ఇత్తడి పాత్రలలో ఉన్నవే. అంతవరకు చాలమంది నాలుగు మూలకములను ఒకే కణములో సరియైన పాళ్లలో ఇరికించుటకు శ్రమపడినారు. డ్యుపాంట్ వారు ఆ శ్రమ మానినారు. రెండేసి, మూడేసి మూలకములు గల వేర్వేరు కణములను విడివిడిగా చేసి, కావలసిన పాళ్లలో సిరాలో కలిపి, అసలు సంయోగమును పొయ్యిలోనే జరుగనిచ్చినారు. 8.5 శాతము దక్షత వచ్చినది. అంకెకన్న ఆలోచన విలువైనది. కణము కడపటి వస్తువు కాదు, ముడిసరకు మాత్రమే అని గుర్తించినప్పుడు, దానిని అందముగా చేయుటకంటె పాళ్లు మార్చుటకు వీలుగా చేయుట మేలని తేలును. దాదాపు అదే కాలమున ఐ.బి.ఎం. సంస్థలో డేవిడ్ మిట్జి, తెయోదోర్ తోదొరోవ్ మొదలగువారు హైడ్రజీన్ ద్రావకముతో ఇంకను మంచి కెస్టరైటు ఘటములు చేసినారు. 2013లో వారి దక్షత 12.6 శాతము. అయితే హైడ్రజీన్ రాకెట్లలో వాడు ఇంధనము, విషము, ప్రేలుడు స్వభావము కలది. దానిని ముద్రణాలయమునకు తేగలవారు ఎవరు? ఆ అంకెను చూచి "చౌక సిరా విజయము" అని వ్రాసినవారు సీసాపైనున్న పుర్రెబొమ్మను చూడలేదనుకొనవలెను.

కెస్టరైటుకు స్వంత జబ్బులు కూడ ఉన్నవి. పొయ్యిలో తగరము గంధకముతో కలిసి ఆవిరియై పోవును. రాగి, జింకు పరమాణువులు పరిమాణములో దగ్గరివగుటచేత ఒకదాని స్థానమున మరొకటి కూర్చుండును, అందువలన వోల్టేజి తగ్గును. 2023 తరువాత దక్షత 14 శాతమును దాటినను ఈ లోటు పూర్తిగా తీరలేదు.

అచ్చు వాదులు సాధారణముగా చెప్పని సంగతి మరొకటి కలదు. సౌరఘటములో అర్ధవాహకపు పొర ఒక్కటే లేదు. అడుగున గాజుమీద మాలిబ్డినము పూత ఉండవలెను. దానిని శూన్యములో, అయానులతో లోహమును కొట్టి పరమాణువులను ఎగురగొట్టి దించుతారు. పైన 50 నానోమీటరుల కాడ్మియము సల్ఫైడు పొరను రసాయన స్నానములో వేస్తారు. దానిపై పారదర్శకమైన జింకు ఆక్సైడు పొర, అదియు మరల శూన్యములోనే. కాబట్టి వీధి గుమ్మము నుండి సాగనంపిన శూన్య యంత్రము పెరటి తలుపున రెండుమార్లు లోపలికి వచ్చినది. కర్మాగారపు పెట్టుబడిలో పొదుపు అనుకొన్నంత మిగులలేదు.

కాలిఫోర్నియాలో సాన్ హోజేయందలి నానోసోలార్ సంస్థ చరిత్ర దీనికి నిదర్శనము. 2002లో స్థాపితమైన ఆ సంస్థ అల్యూమినియము రేకుమీద సిరాతో అర్ధవాహకమును అచ్చువేసి, వాటుకు ఒక డాలరు కన్న తక్కువకు అమ్మగలమని చెప్పి కోట్ల డాలర్ల పెట్టుబడులు సేకరించినది. 2007 డిసెంబరులో మొదటి ఫలకములను పంపినది. 2011లో వారి ఘటము ఒకటి అమెరికా ప్రభుత్వ ప్రయోగశాల పరీక్షలో 17.1 శాతము దక్షత చూపినది. 2013లో సంస్థ మూతపడినది. సిరా చెడిపోయి కాదు. 2008లో కిలోకు 400 డాలర్లు దాటిన శుద్ధ సిలికాను 2012 నాటికి 20 డాలర్ల దాపునకు దిగివచ్చినది. వాటుకు ఒక డాలరు అన్న గమ్యమును సిలికాను ఫలకములే దాటి ముందుకు పోయినవి. సిరా లేని శూన్య పద్ధతి కూడ ఈ దెబ్బనుండి తప్పించుకొనలేదు. 2019లో 23.35 శాతము దక్షత సాధించిన జపాను సంస్థ సోలార్ ఫ్రాంటియర్, 2021లో ఆ ఘటముల తయారీని విరమించుచున్నట్లు ప్రకటించినది. పలుచని పొరల జాతి అంతయు ఓడినదని దీని అర్థము కాదు. 2024 జనవరిలో మద్రాసు సమీపమున పిళ్ళైపాక్కములో ఫస్ట్ సోలార్ సంస్థ సంవత్సరమునకు 3.3 గిగావాట్ల కాడ్మియము టెల్యూరైడు ఫలకముల కర్మాగారమును ప్రారంభించినది. అక్కడ సిరా లేదు. పదార్థమును ఆవిరిచేసి వేడి గాజుమీద వేగముగా దించుతారు.

ఇక రెండవ సిరా సంగతి. సిలికాను ఘటమును దగ్గరగా చూచినవారికి దానిమీద సన్నని వెండి గీతలు కనిపించును. అవి అచ్చువేసినవే. వెండి పొడి, గాజు పొడి, నూనెవంటి ద్రవము కలిపిన ముద్దను సన్నని జల్లెడగుడ్డ గుండా రబ్బరు పలకతో నొక్కుతారు. పెండ్లి శుభలేఖలు అచ్చువేయు స్క్రీను ప్రింటింగు పద్ధతియే ఇది. తరువాత కొన్ని క్షణములు 700 డిగ్రీలకు మించిన కొలిమిలో పోనిస్తారు. గాజు కరిగి పైనున్న సిలికాను నైట్రైడు పూతను తొలుచుకొని పోయి వెండికి సిలికానుతో పొత్తు కలుపును. డ్యుపాంట్ ఈ ముద్దలను "సోలామెట్" పేరుతో ప్రపంచమంతట అమ్మినది. 2021లో ఆ వ్యాపారమును మంచి ధరకు మరొకరికి అప్పగించినది. హైదరాబాదుకు దక్షిణమున రావిర్యాలలో ప్రీమియర్ ఎనర్జీస్ సంస్థ చేయు సిలికాను ఘటములపైనను ఇటువంటి గీతలే. సౌరశక్తిలో ముద్రణ ఓడిపోయినదన్నవారు ఈ గీతలను మరచినారు. వెండి గీత వెండిగానే ఉండి పనిచేయును. దానిలో అక్కడక్కడ ఒక లోపమున్నను విద్యుత్తు చుట్టు తిరిగి పోగలదు. అర్ధవాహకములో కోటి పరమాణువులకు ఒక లోపమున్నను ఎలక్ట్రాను దానిలో పడును. ఒకే యంత్రము, ఒకే కొలిమి, కాని రెండు పదార్థములు లోపమును సహించు శక్తి వేరు.

ఈ విచారము తెలుగు ప్రాంతములకు ఎట్లు అన్వయించును? మన విశ్వవిద్యాలయములలో, కళాశాలలలో కెస్టరైటు, తగరపు సల్ఫైడు మొదలగువాటి నానో కణములు చేయు విద్యార్థులు ఎందరో కలరు. సామగ్రికి ఎక్కువ వ్యయము కాదు, కుప్పెలు, వేడిపలక, థయోయూరియా ఉన్న చాలును. కాని ఆ నివేదికలలో పెక్కు ఒకే తీరున నడచును. కణములు చేసినారు, ఎక్స్-కిరణ చిత్రము తీసినారు, సూక్ష్మదర్శిని ఛాయాచిత్రము జతచేసినారు, "సౌరఘటములకు అనువైనది" అన్న వాక్యముతో ముగించినారు. పొర వేయలేదు, ఘటము కట్టలేదు. ఇందులో శాస్త్రదోషము కూడ ఉన్నది. కెస్టరైటు, జింకు సల్ఫైడు, రాగి-తగరపు సల్ఫైడు ఈ మూటి ఎక్స్-కిరణ రేఖలు దాదాపు ఒకే స్థానములలో పడును. ఆ చిత్రము ఒక్కదానినే చూపి "శుద్ధ కెస్టరైటు" అనుట, పాలలో నీళ్లు కలిసినవా అన్న ప్రశ్నకు రంగు చూచి బదులు చెప్పినట్లున్నది. రామన్ వర్ణపటము వంటి మరొక సాక్ష్యము తప్పనిసరి. రెండు మూడు ఏండ్ల యౌవనమును వెచ్చించిన విద్యార్థికి ఈ మాట పరీక్షకుడు చివరి దినమున చెప్పుటకంటె, మొదటి నెలలో గురువు చెప్పుట న్యాయము.

దీనికి భిన్నమైన ఉదాహరణ దూరమున లేదు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున పలుచని పొరలపై దశాబ్దములుగా పని జరిగినది. లవణముల ద్రావణమును వేడి గాజుమీద తుంపరగా చిమ్మి పొరలు పండించు పద్ధతి అక్కడ బాగుగా పాతుకొన్నది. సిరాకు ఇది దగ్గరి బంధువు. 2006లో కె.టి. రామకృష్ణారెడ్డి, తన సహచరులతో కలిసి ప్రకటించిన తగరపు సల్ఫైడు ఘటము దక్షత 1.3 శాతము. చిన్న అంకెయే. కాని దాని వెనుక లెక్క యున్నది: 0.26 వోల్టులు, చదరపు సెంటిమీటరుకు 9.6 మిల్లీ ఆంపియరులు, 0.53 పూరక గుణకము. ఈ మూటిని గుణించి, పడిన వెలుతురు 100 మిల్లీవాట్లతో భాగించిన 1.3 శాతమే వచ్చును. వోల్టేజి తక్కువగా ఉన్నదని చదివినవారికి వెంటనే తెలియును. ఎక్కడ చికిత్స చేయవలెనో అంకెయే చూపును. 2014లో హార్వర్డు పరిశోధకులు అదే పదార్థముతో 4.36 శాతము సాధించినారు. నానో కణము గుండ్రముగా ఉన్నదని చెప్పు ఛాయాచిత్రము తరువాతివానికి ఇట్టి దారి చూపదు. హైదరాబాదు బాలాపూరులోని ఆర్కి సంస్థ రాగి-ఇండియము-గాలియము పొరలను శూన్య పద్ధతిని, శూన్యము అక్కరలేని పద్ధతులను రెండింటిని చేపట్టి చూచుట కూడ మెచ్చదగినదే. ఒకే చూరు క్రింద పోల్చి చూచినప్పుడే ఏది ఎక్కడ వెనుకబడినదో తేలును.

ఇటీవల పెరోవ్‌స్కైటు అను మరొక పదార్థము వచ్చి సిరా వాదమునకు మరల ప్రాణము పోసినది. 2009లో జపానులో త్సుతోము మియాసాకా బృందము 3.8 శాతముతో ఆరంభించిన ఈ ఘటములు 2024 నాటికి 26 శాతమును దాటినవి. దీనికి 500 డిగ్రీల పొయ్యి అక్కరలేదు, 100 నుండి 150 డిగ్రీలు చాలును. లోపములను కొంత సహించును కూడ. ఇంతవరకు చెప్పిన అభ్యంతరములలో చాలవరకు దీనికి తగులవు. కాని అందులో సీసము ఉన్నది, అది నీటిలో కరుగును. తేమ తగిలిన పొర పసుపుపచ్చగా మారి చెడును. సిలికాను ఫలకములను 85 డిగ్రీల వేడిలో, 85 శాతము తేమలో 1000 గంటలు ఉంచి పరీక్షించుట ఆచారము. ఆ పరీక్షకు నిలువని ఘటము వరంగల్లులో రెండు శ్రావణమాసములు దాటునని ఎవరును హామీ ఇవ్వలేరు. పైగా ప్రకటింపబడిన మేటి అంకెలలో పెక్కు ఒక చదరపు సెంటిమీటరు కూడ లేని ఘటములవి. ఇంటిమీది ఫలకము రెండు చదరపు మీటరుల పైచిలుకు.

తుర్కపల్లి వంటి చోటికి ఈ పనిలో తగిన పాత్ర లేకపోలేదు. గాలి, తేమ చొరని పాత్రలలో సంయోగములు జరుపుట, ద్రావకములను శుద్ధిచేయుట, కణముల పరిమాణమును అదుపులో నుంచుట, ప్రతి తడవ తయారైన సరకు ముందరి తడవ సరకుతో సరిపోవునట్లు చూచుట, ఇవి మందుల పరిశ్రమలో అక్కడివారికి అన్నము పెట్టు విద్యలు. సిరాలో నేడు లోపించినవి సరిగా అవే. విశ్వవిద్యాలయములలో ఒక కుప్పెలో అర గ్రాము చేసి, మేటి ఘటమును ప్రకటించుట జరిగినది. అదే సిరాను లీటర్లలో పదిమార్లు చేసినచో పదిమార్లు ఒకే విధమైన పొర వచ్చునా? ఓలియిలమీన్ వంటి పొడవు తోకకు బదులు తక్కువ వేడికే విడిపోవు పొట్టి అణువును కణమునకు తొడిగినచో అడుగున మసి మిగులునా? మూడు నెలలు సీసాలో నిలువయున్న సిరాతో వేసిన ఘటమును, మొదటినాటి సిరాతో వేసిన ఘటమును ప్రక్కప్రక్కన ఎండలో పెట్టినచో మీటరు ముల్లు రెండింటికి ఒకేచోట నిలుచునా? వీటికి బదులు చెప్పుటకు కొత్త పదార్థము అక్కరలేదు. రెండు కుప్పెలు, ఒక పొయ్యి, ఓపికగల రసాయనికుడు చాలును.